ఏడవడమే నా ఉద్యోగంగా ఉన్న రోజులు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలు కానిచ్చి, నేను దివాను మీద నడుం వాల్చి, మా ఏడేళ్ళ మనవరాలు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉండగా, ఏదో ఛానల్లో ఒక పాత సినిమా వచ్చింది. ఆసుపత్రి వరండాలో కథానాయకుడు చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తున్నాడు, నర్సులు హడావిడిగా అటూ ఇటూ పోతున్నారు, అంతలో తలుపు అవతల నుంచి కేర్‌మని పసిబిడ్డ ఏడుపు వినబడింది. సగం నిద్రలో ఉన్నదాన్ని దిగ్గున లేచి కూర్చున్నాను. ఆ ఏడుపు చివర ఊపిరి అందక చిన్నగా వెక్కినట్టు ఒక విరుపు ఉంటుంది. అది నేను పెట్టిందే, ఇంకెవరూ అలా పెట్టేవారు కారు. "అది నేనేనే!" అన్నాను సంతోషం పట్టలేక. మనవరాలు తెర మీద తెల్లటి తువ్వాల్లో చుట్టిన బిడ్డను చూసింది, తిరిగి నన్ను ఎగాదిగా చూసింది, "నువ్వు అంత చిన్నగా ఉండేదానివా అమ్మమ్మా?" అంది.

వంటింట్లోంచి వాళ్ళమ్మ పకపకా నవ్వింది. నేను వివరించబోయి ఊరుకున్నాను, ఏడేళ్ళ పిల్లకు ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదది. నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుందని ఇలా రాయడానికి కూర్చున్నాను.

మనం సినిమా హాళ్ళలో కొంగుతో కళ్ళొత్తుకుంటూ చూసిన ఆ పురిటి సీన్లలో బిడ్డ నిజానికి ఏడ్చేది కాదు. షూటింగు వేళకు హాయిగా నిద్రపోతూనో, లైట్ల వంక నోరు తెరుచుకుని చూస్తూనో ఉండేది. ఏడుపు ఆ తరవాత ఎప్పుడో, ఫిల్మ్‌నగర్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో ఒక డబ్బింగ్ థియేటర్లో, తలుపులు బిగించిన గదిలో, మైకు ముందు పెద్దవాళ్ళెవరో నిలబడి ఏడిస్తే, దాన్ని తెచ్చి బొమ్మకు కలిపేవారు. పన్నెండేళ్ళకు పైగా ఆ ఏడుపులు ఏడ్చినదాన్ని నేను.

మాది గుడివాడ దగ్గర పల్లె. ఆరుగురు పిల్లల్లో నేను రెండోదాన్ని కాబట్టి నా తరవాతి నలుగురినీ చంకనేసుకుని తిప్పడం నా వంతయింది, వాళ్ళ ఏడుపుల్లో ఆకలి ఏడుపు ఏదో, నిద్ర ఏడుపు ఏదో, ఉత్తి పెంకితనం ఏదో అవతలి వీధిలోంచి విని చెప్పగలిగేదాన్ని. పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చాను. మా వారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్, అంటే ఇంజనీర్లు చెప్పిన ప్రకారం రోడ్లకూ వంతెనలకూ పటాలు గీసే పని. పెన్సిలు చెక్కడానికి కూడా ఆయనకొక పద్ధతి ఉండేది. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఒక ట్రేసింగు కాగితం మీద మా భవిష్యత్తంతా గీసి బీరువా తలుపు లోపలి వైపు అంటించారు. రెండో ఏడాదికి మొదటి బిడ్డ, అయిదో ఏడాదికి రెండో బిడ్డ, పదో ఏటికి సొంత ఇల్లు, అందులో తూర్పు కిటికీ ఉన్న గది పిల్లలకి. ఆ గదిలో రెండు చిన్న మంచాలు కూడా గీశారు, దిళ్ళతో సహా. అడుగున ఒక మూలకి 'దేవుని చిత్తమైతే' అని చీమ తలకాయంత అక్షరాలతో రాశారు. మా అత్తయ్య అది చూసి, ఇది చదవాలంటే దేవుడికి కళ్ళజోడు కావాలిరా అబ్బాయీ, అని నవ్వింది.

అత్తయ్య మాతోనే ఉండేది. ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే దారిలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. అప్పటికి ఆ చుట్టుపక్కల ఇళ్ళకంటే బండలే ఎక్కువ, ఎక్కడ చూసినా ఎవరో తీరిగ్గా పేర్చి వెళ్ళిపోయినట్టు పెద్ద పెద్ద రాళ్ళు. మద్రాసు నుంచి సినిమా వాళ్ళు ఒక్కొక్కరే తరలి వస్తున్న రోజులు కాబట్టి, ఆ రాళ్ళ మధ్యే ఒక స్టూడియో, ఒక ఎడిటింగ్ గది, ఒక డబ్బింగ్ థియేటర్ లేస్తూ ఉండేవి, కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే పక్కన నిన్న తెర మీద చచ్చిపోయిన విలన్ నిలబడి వంకాయలు ఏరుకుంటూ ఉండేవాడు.

మా చర్చి క్వయర్లో పాడే ఒక అక్క సినిమాల్లో కోరస్ కూడా పాడేది. జనం గోల పెట్టే సీన్లకు గొంతులు కావాలంటే ఒకసారి నన్నూ వెంట తీసుకువెళ్ళింది. 'అయ్యో', 'పట్టుకోండి', 'పెళ్ళికూతురేది' అని గుంపులో అరిచి వచ్చేయడమే పని. ఆ రోజే, పసిబిడ్డ ఏడుపుకని మద్రాసు నుంచి రావలసిన ఆవిడ రాలేదు. అక్కడున్న వాళ్ళు తలా ఒకరూ ప్రయత్నించారు గాని పిల్లి అరిచినట్టు కొందరిది, తలుపు కీచుమన్నట్టు కొందరిది. నేనూ చూడనా అని అడిగాను. మా ఆఖరి తమ్ముడు పుట్టినప్పుడు పక్క గదిలోంచి విన్నది గుర్తు తెచ్చుకుని, నాలుక అంగిట్లోకి మడిచి, కడుపు బిగబట్టి ఏడ్చాను. అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు తలెత్తి చూసి, మైకులో, "చెల్లే, మంచిగున్నది గని, ఈ పిల్ల పుట్టి పది నిమిషాలే అయింది. నువ్వు ఏడాది పిల్ల లెక్క ఏడుస్తున్నవ్. గంత తెలివి వద్దు," అన్నాడు.

ఆయనది షేక్‌పేటే, పుట్టి పెరిగింది అక్కడే. ఆ రోజు నుంచీ ఆయన నాకు అన్నయ్య. తెలివి తీసేసి ఏడవడం నేర్పింది ఆయనే. అప్పుడే పుట్టిన బిడ్డ ఎవరినీ ఉద్దేశించి ఏడవదు, దానికి ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలియదు. మూడు నెలల బిడ్డ మధ్యలో ఆగి, ఎవరైనా వస్తున్నారా అని చెవి పెట్టి వింటుంది. ఏడాది బిడ్డ అమ్మను చూసి మరీ శ్రుతి పెంచుతుంది. ఇవన్నీ ఆయన అద్దం అవతల నుంచి చేతులు ఊపుతూ చెప్పేవాడు, నేను ఇవతల మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేదాన్ని. నాలుగేళ్ళు తిరిగేసరికి 'ఏడుపు మేడమ్ వచ్చారా' అని అడిగే దాకా వచ్చింది నా పేరు. ఆ మాటకు నాకు నవ్వే వచ్చేది. చేతినిండా పని, చక్కటి స్నేహాలు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుని ఒకరి కూర ఒకరం పంచుకోవడం, అవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

ఒక్కటే లోటు. బీరువా తలుపు మీద రెండో ఏడు దాటింది, అయిదో ఏడూ దాటింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నలుగురు బిడ్డలుగా ఏడ్చి ఇంటికి వస్తే ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. మందులు మింగాం, పరీక్షలు చేయించుకున్నాం. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు మా కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. నా ప్రార్థన సంగతి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. దర్జీకి కొలతలు ఇచ్చినట్టు ఉండేది. ఫలానా నెలలోపు, వీలైతే క్రిస్మస్‌కి ముందే, ముందు మగపిల్లవాడు, ఆయన ముక్కు, నా రంగు కాకుండా ఆయన రంగు. ఒక పొద్దున్న మోకాళ్ళ మీద ఉండి ఇదంతా పైకే అంటుంటే, పక్కన బియ్యం ఏరుకుంటున్న అత్తయ్య విని, చేట పక్కన పెట్టింది.

"అమ్మాయ్, ఏం కావాలో చెప్పు. ఎలా ఇవ్వాలో కూడా నువ్వే చెప్తే ఆయనకింక పనేముంది?"

నాకు ఒళ్ళు మండింది. మీకేం, మీకు పిల్లలున్నారు కాబట్టి ఎన్నైనా చెప్తారు, అని కూడా అనేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. మళ్ళీ చేట తీసుకుని బియ్యం ఏరుకుంది.

తొమ్మిదో ఏట డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, ఇక ఆశ పెట్టుకోవద్దని మెత్తగానే చెప్పింది. మర్నాడు నాకు డబ్బింగ్ ఉంది, మానేస్తే వాళ్ళ పని ఆగిపోతుందని వెళ్ళాను. తెర మీద కాన్పయిన తల్లి కళ్ళు మూసుకుని పడుకుని ఉంటుంది, బిడ్డ ఏడుపు విని కళ్ళు తెరిచి నవ్వుతుంది. ఆవిడ నవ్వాలంటే నేను ఏడవాలి. మొదలుపెట్టాను, నాలుక అంగిట్లోకి మడిచాను, ఆపైన ఏమైందో, లోపలి నుంచి ఇంకో ఏడుపు తన్నుకొచ్చింది. అది ముప్ఫై మూడేళ్ళ ఆడదాని ఏడుపు. ఎంత ఆపుకున్నా ఆగలేదు, మైకు స్టాండు పట్టుకుని అలాగే కూలబడ్డాను.

అన్నయ్య అందర్నీ బయటికి పంపేశాడు. తనే వెళ్ళి టీ తెచ్చి, నాకు కొంచెం ఎడంగా నేల మీద కూర్చున్నాడు.

"ఇది చెరిపేస్తున్న చెల్లే. ఇది పిల్ల ఏడుపు గాదు, ఇది ఎవలూ వినేది గాదు. ఇయ్యాల ఇంటికి పో. సినిమా ఏడికి పోతది, ఆగుతది. ఫికర్ చెయ్యకు."

ఇంటికొచ్చి బీరువా తెరిస్తే ఆ కాగితం లేదు. అది ఉన్నచోట పలకంత మేర రంగు కొత్తగా మెరుస్తోంది. ఎప్పుడు తీశారో, ఎక్కడ పెట్టారో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ నెలలోనే విశాఖపట్నానికి బదిలీ కోరుతూ ఆయన అర్జీ పెట్టుకున్నారు. మన సంగతి ఎవరికీ తెలియని ఊరికి పోదాం, సముద్రం ఉంటుంది, నువ్వు ఇక ఏడవక్కర్లేదు, అన్నారు. నాకూ అదే బాగుందనిపించింది. ప్రార్థన మాత్రం మానేశాను. చర్చిలో తల వంచుకుని ఊరికే కూర్చునేదాన్ని.

ఆ డిసెంబరులో స్త్రీల సమాజం వాళ్ళు ఎర్రగడ్డ అవతల సిస్టర్లు నడిపే ఒక అనాథాశ్రమానికి క్రిస్మస్ బట్టలు పట్టుకెళ్తూ, నన్నూ రమ్మన్నారు. రానంటే అత్తయ్య నా చీర తీసి మంచం మీద పెట్టింది, అంతే. అక్కడ ముప్ఫై మంది దాకా పిల్లలు, మిఠాయిలు పంచేసరికి పండగ సందడంతా వాళ్ళ దగ్గరే ఉంది. ఒక మూల గోడకానుకుని ఏడాదిన్నర పిల్ల కూర్చుని ఉంది. నల్లగా, పెద్ద కళ్ళతో, చేతిలో పెట్టిన లడ్డూ తినకుండా పట్టుకుని మమ్మల్నందర్నీ గమనిస్తోంది. ఆ పిల్ల ఏడవదని సిస్టర్ చెప్పింది. ఇంజెక్షన్ చేసినా ఏడవదట, పడి మోకాలు కొట్టుకుపోయినా ఏడవదట. చెవులు, గొంతు అన్నీ చూపించారు, ఏ లోపమూ లేదు. ఇక్కడికి రాకముందు ఎంత ఏడ్చినా ఎవరూ రాకపోయి ఉంటారు, అందుకని ఏడవడం మానుకుని ఉంటుంది, అంది సిస్టర్.

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఇంతలో మాతో వచ్చిన ఒకావిడ పిల్లలతో, ఈ ఆంటీ సినిమాల్లో చంటిపాపలా ఏడుస్తుంది తెలుసా, అని చెప్పేసింది. ఇక వాళ్ళు ఊరుకుంటారా, చుట్టూ మూగి చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగారు. సరేనని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఒక్కసారి కేర్‌మన్నాను. పిల్లలంతా విరగబడి నవ్వారు. ఇంకోసారి, ఇంకోసారి అన్నారు. మూడోసారి ఏడుస్తుంటే నవ్వులు తగ్గినట్టనిపించి కొంగు తీసి చూశాను. ఆ మూలనున్న పిల్ల లేచి వచ్చింది. తప్పటడుగులతో వచ్చి, బిడ్డ ఎక్కడుందోనని నా వెనక్కి తిరిగి చూసింది, నా చేతిసంచిలోకి తొంగి చూసింది. ఎక్కడా కనబడకపోయేసరికి నా ముందుకొచ్చి, లడ్డూ అంటిన చెయ్యి నా గొంతు మీద పెట్టి, మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది.

ఎవరూ రాలేదని ఏడుపు మానుకున్న పిల్ల, నేను ఏడుస్తుంటే వచ్చింది. నేను ఆ క్షణంలో ఏ ప్రార్థనా చెయ్యలేదు, దేవుడి మీద కోపం ఇంకా అలాగే ఉంది. కాని నా గొంతు మీద ఆ చెయ్యి ఉన్నంతసేపూ, నేను ఏదో అడిగానని, దానికి జవాబు వచ్చి నా ఎదురుగా నిలబడి ఉందని, అది నేనిచ్చిన కొలతల్లో లేదు కాబట్టి గుర్తుపట్టలేక తికమక పడుతున్నానని అనిపించింది.

ఇంటికొచ్చి చెప్తే మా వారు, "మనం అనుకున్నది ఇది కాదు కదా," అన్నారు. కోపంగా కాదు, పాపం, పటంలో లేని దారి చూపిస్తే ఏమనాలో తెలియక. అత్తయ్య మాత్రం ఒకే ఒక ప్రశ్న వేసింది: "ఆ పిల్ల లడ్డూ తిందా, లేదా?" తినలేదన్నాను. మర్నాడు పొద్దున్నే సున్నుండలు చుట్టి, ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి తనే వెళ్ళింది. సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక చెప్పులు విప్పుతూ, "సగం తను తింది, సగం నా నోట్లో పెట్టింది. నా మనవరాలి ఎంగిలి తినొచ్చాను, ఇక మీ ఇష్టం," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా వారు మూడో ఆదివారానికి బయల్దేరారు. ఎప్పటిలాగే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో చెక్కిన పెన్సిలు. ఆ పెన్సిలు ఇంట్లో మేమెవరమూ ముట్టుకోకూడదు. ఆ పిల్ల ఆయన ఒళ్ళోకెక్కి తిన్నగా దాన్నే తీసుకుంది, తీసుకుని ఆయన చొక్కా చేతి మీద అడ్డదిడ్డంగా గీతలు గీసింది. ఆయన కదలకుండా చెయ్యి చాపి పట్టుకుని కూర్చున్నారు, బల్ల మీద కాగితం పరిచినట్టు. ఇంటికొచ్చాక ఆ చొక్కా ఉతకొద్దన్నారు. నాకు అర్థమైంది.

సరిగ్గా ఆ వారంలోనే విశాఖపట్నం బదిలీ ఉత్తర్వు వచ్చింది. మూడు వారాల్లో వెళ్ళి చేరాలి. వకీలు గారిని అడిగితే, కోర్టు వ్యవహారం తేలే దాకా ఊరు విడిచిపెడితే కష్టమన్నారు. పైగా ఆ రోజుల్లో మా క్రైస్తవులకి దత్తత చట్టం లేదు. కోర్టు ఒప్పుకుంటే సంరక్షకులుగా ఉండొచ్చు, అంతే. కాగితం మీద తల్లిదండ్రులు కాలేరని ఆయన చెప్తుంటే మాకు నీరసం వచ్చింది. అత్తయ్యకి రాలేదు. ఎవరికైనా పిల్లల్ని దేవుడిచ్చేది సంరక్షణకే కదండీ వకీలు గారూ, కోర్టు వారికి ఈ సంగతి బాగా తెలిసినట్టుంది, అంది.

మా వారు ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, ఫిల్మ్‌నగర్ కొండ మీద బండల మధ్య ఒక్కరే నడిచి నడిచి వచ్చారు. వచ్చి, బదిలీ రద్దు చెయ్యమని రాస్తాననీ, వాళ్ళు కాదంటే ఉద్యోగం మానేస్తాననీ అన్నారు. పెన్సిలు చెక్కడానికి కూడా పద్ధతి ఉన్న మనిషి! "తరవాత ఏం చేస్తామండీ?" అన్నాను భయపడి. "తెలియదు," అన్నారు. ఆ మాట ఆయన నోటి వెంట వినడం నాకు అదే మొదటిసారి. అంటూనే నవ్వారు కూడా. ముగ్గురం నేల మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాం. ఏడాది తరవాత నేను నోరు తెరిచి చేసిన ప్రార్థన అదే, రెండు మాటలకు మించి లేదు. ఈ పిల్ల కావాలి తండ్రీ, అన్నాను. ఎలాగో చెప్పలేదు, తెలిస్తే కదా చెప్పడానికి.

నాలుగు నెలలు ఎదురుచూశాం. ఆఫీసు నుంచి ఒక కాగితం రావాలి, కోర్టు నుంచి ఒక కాగితం రావాలి, రెంటికీ గడువంటూ లేదు. రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకు ముగ్గురిలో ఎవరో ఒకరం గేటు దగ్గర నిలబడేవాళ్ళం. నేను డబ్బింగ్‌కు వెళ్ళి ఏడ్చొచ్చేదాన్ని, శని ఆదివారాలు వెళ్ళి పిల్లను చూసొచ్చేవాళ్ళం. ఏం జరుగుతుందో తెలియదు గాని, విచిత్రంగా, నిద్ర మాత్రం బాగా పట్టేది.

కోర్టులో జడ్జిగారు పెద్దాయన, కళ్ళజోడు మీదుగా చూస్తూ మీరేం చేస్తారమ్మా అని నన్ను అడిగారు. కంగారులో, "ఏడుస్తానండీ," అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. మా వకీలు గారు గొంతు సవరించుకుని నా వృత్తి ఏమిటో వివరించారు. జడ్జిగారు నవ్వాపుకుంటూ కాగితం మీద ఏదో రాసి, "మంచిది. పిల్ల ఇంటికి వచ్చాక మాత్రం ఆ పని బయటే పెట్టుకోండి," అన్నారు. రెండు వారాల తరవాత ఉత్తర్వు వచ్చింది. బదిలీ సంగతంటారా, ఆ ఫైలు ఏ బల్ల కిందికి పోయిందో గాని రద్దు చేశామనీ రాలేదు, చెయ్యలేదనీ రాలేదు. జీతం ఇక్కడే ఇస్తూ పోయారు, ఆయన ఇక్కడే రిటైరయ్యారు.

పిల్ల ఇంటికొచ్చింది. అన్నం తినేది, నవ్వేది, అత్తయ్య వెనకాలే కొంగు పట్టుకు తిరిగేది, ఏడుపు మాత్రం లేదు. జ్వరమొచ్చినా కళ్ళు తెరుచుకుని పడుకునేది. నేను పనికి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూసేది, అంతే. మళ్ళీ వస్తానో రానో తనకేమీ పట్టనట్టు. ఆ చూపు చూడలేక నేను త్వరగా వీధి మలుపు తిరిగేసేదాన్ని.

మూడు నెలలు గడిచాయేమో, ఒక పొద్దున్న చెప్పులేసుకుని సంచి భుజాన తగిలించుకున్నాను. పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తోంది. గేటు దాకా వెళ్ళానో లేదో వెనక నుంచి, కేర్‌మని కాదు, ఇల్లు ఎగిరిపోయేలా, "అమ్మా!" అని ఒక్క అరుపు, దాని వెంట ఏడుపు. తిరిగి చూస్తే మెట్ల మీద కూలబడి, కాళ్ళు నేలకేసి కొడుతూ, మొహమంతా తడిపేసుకుని ఏడుస్తోంది. మధ్యలో ఆగి, నేను వెనక్కి వస్తున్నానా లేదా అని చూసి, శ్రుతి పెంచి మళ్ళీ ఏడ్చింది.

నేను పరుగెత్తాను. మా వారు గడ్డం సబ్బు నురగతో బయటికొచ్చారు. అత్తయ్య గరిటె పట్టుకునే వచ్చి, "స్తోత్రం! స్తోత్రం తండ్రీ! ఏడ్చింది, నా తల్లి ఏడ్చింది!" అంటూ చప్పట్లు కొట్టబోయి గరిటెతో తన చేతి మీదే కొట్టుకుంది. ముగ్గురం ఆ పిల్ల చుట్టూ చేరి నవ్వుతున్నాం, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నాం. గోల విని వచ్చిన ఇంటి ఓనరమ్మ ఇదంతా చూసి నివ్వెరపోయింది. "ఏందమ్మా మీరు? పిల్ల గిట్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ముగ్గురు పెద్దోళ్ళు నవ్వుతున్నరు? జర ఎత్తుకోన్రి!" అని తనే ఎత్తుకోబోయింది. పిల్ల వెళ్ళలేదు. నా మెడ కరుచుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఆ రోజు పిల్లను చంకన వేసుకునే డబ్బింగ్‌కు వెళ్ళాను, గంట ఆలస్యంగా. అన్నయ్యకు సంగతంతా చెప్పి మైకు ముందు నిలబడ్డాను. తెర మీద బిడ్డ పుట్టింది. నాలుక మడిచి, కడుపు బిగబట్టి మొదలుపెట్టబోతే నవ్వొచ్చింది. రెండోసారీ నవ్వే. మూడోసారి మొదలుపెడుతుంటే అద్దం అవతల అన్నయ్య ఒళ్ళో కూర్చున్న మా పిల్ల నన్ను చూసి చెయ్యి ఊపింది, ఇక నావల్ల కాలేదు. అన్నయ్య హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశాడు. "లాభం లేదు చెల్లే. ఇయ్యాల నీతోని ఏడుపు గాదు. పో, పిల్లకు ఐస్‌క్రీమ్ తినిపియ్యి." అలా నా వృత్తి జీవితంలో నవ్వు ఆగక డబ్బింగ్ ఆపేసిన రోజు అదొక్కటే.

ఆ తరవాతి కథ మీ అందరి ఇళ్ళలో జరిగినట్టే జరిగింది. పిల్ల బడికి వెళ్ళింది, మాతో పోట్లాడింది, చదువుకుంది, పెళ్ళి చేసుకుంది. తన సంగతి తనకు చిన్నప్పటి నుంచీ తెలుసు, సున్నుండ కథ అత్తయ్య చేత వందసార్లయినా చెప్పించుకుని ఉంటుంది. ఇప్పుడు వెంగళరావు నగర్‌లో మాది ఒక వాటా, వాళ్ళది పై వాటా. అత్తయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళి పదహారేళ్ళయింది. అన్నయ్య షేక్‌పేటలో ఫ్లైఓవర్ పక్కన మనవళ్ళతో ఉన్నాడు. ఆయనకు చెవి సరిగా వినబడదు, నేను ఫోన్ చేస్తే, గట్టిగ ఏడువు చెల్లే, అంటాడు.

మేమున్న ఇల్లు లేదు. డబ్బింగ్ థియేటర్ ఉన్నచోట అద్దాల మేడ లేచింది. బండల్లో చాలా మటుకు పిండి చేసి ఆ మేడల్లోనే కలిపేశారు. ఇప్పుడు బిడ్డ ఏడుపు కావాలంటే మనిషి అక్కర్లేదట, కంప్యూటర్లో ఏ నెల బిడ్డ ఏడుపు ఆ నెలది విడివిడిగా పెట్టుకుని ఉంటారట. మా చర్చి పిల్లలు ఫోన్లలో పంపే ప్రార్థన మనవులు చూస్తుంటాను. ఇంటర్వ్యూ ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ కంపెనీ, ఏ ఊళ్ళో పోస్టింగు కావాలి, అన్నీ వివరంగా రాస్తారు. చదివి నవ్వుకుని, వాళ్ళ కోసం మోకరిస్తాను. నా కొలతల కంటే వాళ్ళవి ఎక్కువేమీ కాదు.

నాకిప్పుడు దేనికీ లోటు లేదు. రేపు పొద్దున్న ఏం వండుతానో తెలుసు, ఎల్లుండి ఏ డాక్టరు దగ్గరికి వెళ్తానో తెలుసు, ఏ గదిలో ఎవరు పడుకుంటారో తెలుసు. హాయిగానే ఉంది. కాని ఒక్కోసారి సాయంత్రం పూట గేటు దగ్గర నిలబడితే, ఏ కాగితం ముందొస్తుందో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, పిల్ల మనదవుతుందో కాదో ఏమీ తెలియక, మా చేతుల్లో ఏమీ లేదు కాబట్టి చేతులు రెండూ దేవుడికే ఇచ్చేసి ఎదురుచూసిన ఆ నాలుగు నెలలూ గుర్తొస్తాయి. అప్పుడవి ఎప్పుడు గడుస్తాయా అనుకున్నాను. దేవుడు అంత దగ్గరగా, పక్క మెట్టు మీద కూర్చున్నంత దగ్గరగా ఉండడం ఆ తరవాత మళ్ళీ నాకు తెలియలేదు.